ఆట ఒడిసింది తమ్మీ, ఓ జీజీ కొట్టి పో

రాత్రి తొమ్మిది దాటిందంటె మా దిక్కు ఒక సప్పుడు మొదలైతది. సూర్యాపేటల బస్టాండు ఎన్క గల్లీలల్ల, కోదాడల హాస్టల్ రూములల్ల, మిర్యాలగూడల రైసుమిల్లు షిఫ్టు దిగిన పోరగాళ్లు కూసునే అరుగుల మీద ఒకటే లొల్లి. "లెఫ్టుకున్నడు, లెఫ్టుకున్నడు", "రివైవ్ చెయ్ రా", "జోన్ వస్తున్నది ఉరుకు". ఇది అందరికి ఎర్కే. నేను చెప్పాలనుకున్నది గా సప్పుడు గురించి కాదు. సప్పుడు ఆగినంక వచ్చే ఐదు సెకన్ల గురించి.

మ్యాచ్ అయిపోతది. గెలిచినోని తెర మీద "బూయా" పడతది, ఓడినోని తెర మీద పడదు. గప్పుడు కొందరు "జీజీ" అని కొడతరు. కొందరు "ఈజీ" అని కొడతరు. కొందరు ఎదుటోని తల్లిని తిట్టి పోతరు. ఎక్కువ మందైతె ఏం అనకుండనే లాబీకి ఉరుకుతరు, ఇంకో మ్యాచ్ ఎక్కడానికి.

గిది చిన్న ముచ్చటే అనిపిస్తది. కాని మా దిక్కు గీ చివరి మాట కాడనే కచ్చలు పుట్టంగ నేను చూసిన. అందుకనే జీజీ అంటె ఏంది, ఎవరనాలె, ఎప్పుడనాలె, ఎప్పుడు అనొద్దు అనేది జెర నిమ్మలంగ చెప్పుకుందాం. నా లెక్క ప్రకారం జీజీకి ఒక్కటే పని: ఆటల పుట్టిన కోపాన్ని ఆటలనే వదిలిపెట్టి, ఆటను మూసుడు. మిగిలిన నియమాలన్ని దీంట్లనుంచే వస్తయి.

జీజీ ఏడికెల్లి వచ్చింది?

జీజీ అంటె గుడ్ గేమ్. మన మాటల "ఆట మంచిగైంది". గీ మాటల ఒక్కటి పట్టుకోవాలె. "నేను మంచిగాడిన" అని దాంట్ల లేదు. "నువ్వు ఓడినవ్" అని లేదు. ఇద్దరం కలిసి ఆడిన ఆట మంచిగున్నది అని ఉన్నది. గెలిచినోడు, ఓడినోడు ఇద్దరు ఒకటే మాట అనొచ్చు. అందుకనే అది ఇన్నేండ్లు నిలబడ్డది.

దానికి తోడుగ ఇంకిన్ని పొట్టి మాటలున్నయి. డబ్ల్యూపీ అంటె వెల్ ప్లేయ్డ్, అంటె "మంచిగాడినవ్" అని ఎదుటోనికి చెప్పుడు. జీఎల్ అంటె గుడ్ లక్, హెచ్ఎఫ్ అంటె హావ్ ఫన్. ఇవి ఆట షురూ కాకముందు అనేటివి. టీవై అంటె థ్యాంక్యూ. కంప్యూటర్ ఆటలు నెట్టు మీదికెక్కిన 1990లల్ల ఇవి అలవాటైనయి. చేతులు ఆట మీద ఉంటయి, టైపు చేసే టైము ఉండదు, అందుకే రెండు అక్షరాలకు కుదించిన్రు.

జీజీకి అన్నిటికంటె ఎక్కువ ఇజ్జత్ ఇచ్చిన దేశం దక్షిణ కొరియా. 1998ల స్టార్‌క్రాఫ్ట్ అనే ఆట వచ్చినంక ఆడ దాన్ని టీవీలల్ల చూపెట్టిన్రు, పెద్ద పెద్ద పోటీలు పెట్టిన్రు. ఆ ఆటల ఓడిపోతున్నోడు ఇగ తనతోని కాదని తెలుసుకొని, "జీజీ" అని కొట్టి బయటికి పోతడు. అంటె ఆడ జీజీ ఓటమి ఒప్పుకునుడు. "నువ్వే గెలిచినవ్, నేను ఒప్పుకుంటున్న" అని ఎదుటోని ముంగట చెప్పుడు. కొరియా భాషల దీన్ని "జీజీ చిదా" అంటరు. "చిదా" అంటె కొట్టుడు. మనం "మెసేజ్ కొట్టు" అన్నట్టే వాళ్లు గూడ "జీజీ కొట్టు" అన్నరన్నమాట. ఇప్పుడు ఆడ ఆటతోని పని లేకున్నా, ఏదన్న ఇడిసిపెట్టుడుకు గూడ గదే మాట వాడతరు.

ఫోన్ల చెస్ ఆడేటోళ్లకు లీచెస్ తెలిసే ఉంటది. 2010ల ఫ్రాన్సుకు చెందిన తిబో డుప్లెసీ మొదలువెట్టిండు. పైసల్లేవు, యాడ్లు లేవు. అండ్ల ఆట షురూ అయితున్నప్పుడు చాట్ కాడ హలో, గుడ్ లక్, హావ్ ఫన్, యూ టూ అనే బటన్లుంటయి. ఆట అయిపోంగనే అవి మారి గుడ్ గేమ్, వెల్ ప్లేయ్డ్, థ్యాంక్యూ, ఇగ పోవాలె, బై అనే బటన్లు వస్తయి. ఇంగ్లీషు రాయరానోడు గూడ ఒక్క ఏలుతోని మర్యాద చెప్పొచ్చు. ఆటను తయారుచేసినోళ్లు ఊకెనే పెట్టలే గీ బటన్లు. మొఖం కనవడని కాడ మర్యాదకు గూడ ఒక తొవ్వ ఉండాలె అని పెట్టిన్రు.

ముందు ఎవరనాలె?

గిదే అసలు ముచ్చట. చానమంది "జీజీ" అంటె ఎవరన్నా ఎప్పుడన్నా అనొచ్చు అనుకుంటరు. కాదు. ఒకటే మాట ఓడినోని నోట్ల మర్యాద అయితది, గెలిచినోని నోట్ల ఒక్కోసారి ఎక్కిరింత అయితది. తేడా ఎప్పుడన్నడు అనేదాంట్ల ఉంటది.

చెస్ బోర్డు మీద చూడుర్రి. రాజీనామా ఇచ్చేటోడే, అంటె ఓడినోడే, ముందు చెయ్యి చాపుతడు. గెలిచినోడు ఆ చెయ్యి అందుకుంటడు. గెలిచినోడు తొందరపడి "ఇగ అయిపోయింది కద, చెయ్యియ్యి" అని ముందే చాపితె ఎట్లుంటది? ఎదుటోడు ఇంకా ఆలోచిస్తుంటె వాని తల మీద మొట్టినట్టుంటది. ఆన్‌లైన్ల గూడ గంతే. ఆట ఇంకా నడుస్తుండంగనే, ఎదుటోనికి ఇంకో రెండు ఎత్తులు మిగిలి ఉండంగనే గెలిచేటోడు "జీజీ" అని కొడితె, దానర్థం "నీ పని అయిపోయింది, ఇంకెందుకు కూసున్నవ్" అని. అక్షరాలు అవే, అర్థం ఉల్టా.

కాబట్టి నియమం సాదాగ గిది: ఆట పూర్తిగ ఆగినంకనే జీజీ. వీలైతె ఓడినోడు ముందు, గెలిచినోడు ఎన్క. ఓడినోడు ఏం అనకుంటె గెలిచినోడు ఒక్కసారి అని ఊకుండాలె. రిప్లై రాలేదని మల్ల మల్ల కొట్టొద్దు.

చేతులు కలుపుకునుడును ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఎంత గట్టిగ పట్టుకున్నదో ఒక కత చెప్త. 2008 జనవరిల నెదర్లాండ్స్‌ల వైకాన్‌జీ పోటీలల్ల బల్గేరియా ఆటగాడు ఇవాన్ చెపారినోవ్, ఇంగ్లండ్ ఆటగాడు నైజెల్ షార్ట్ చాపిన చేతిని అందుకోలే. చెయ్యి కలపకుంటె ఆట పోయినట్టే అని అప్పటికే ఫిడే నియమం ఉండె. పంచులు షార్ట్ గెలిచిండని చెప్పిన్రు. అప్పీలు పోయినంక, చేతులు కలిపి మల్ల ఆడుర్రి అన్నరు. ఆడిన్రు. ఆ ఆట గూడ షార్టే గెలిచిండు. ఆ నియమంల ఇంకో మంచి మాట ఉన్నది: చెయ్యే కలపాలని లేదు, నీ సమాజంల పలకరించే పద్ధతిల పలకరించినా చాలు అని. అంటె మన దండం గూడ చెల్లుతది.

మనోళ్ల ఆటల నుంచే ఇంకో రెండు చూద్దాం. 2024 డిసెంబరు 12న సింగపూర్‌ల డింగ్ లిరెన్‌ను ఓడగొట్టి 18 ఏండ్లకే ప్రపంచ ఛాంపియన్ అయిన గుకేశ్, చెన్నైల తెలుగు కుటుంబంల పుట్టిన పిలగాడు. ఆట ఒడిసినంక కండ్లల్ల నీళ్లు కారుతుండంగనే బోర్డు మీది పావులను ఒక్కొక్కటి తీసి మల్ల మొదటి జాగల పెట్టిండు. గా వీడియో మీలో చానమంది చూసే ఉంటరు. 2025 జూన్ 1న నార్వేల అదే గుకేశ్ చేతిల ఓడిపోయిన మాగ్నస్ కార్ల్‌సన్ కోపంతోని టేబులు మీద గుద్దిండు, పావులు ఎగిరి పడ్డయి. కాని పోయేముందు చెయ్యి కలిపిండు, గుకేశ్ ఈపు తట్టిండు. అంత పెద్ద ఆటగానికి గూడ కోపం వస్తది. కోపం వచ్చుడు తప్పు కాదు. దాని మీద ఒక తాళం వేసి పోయినవా లేదా అనేదే లెక్క.

శెక్కర పూసిన తిట్లు

మర్యాద మాట ఉన్న కాడ దాన్ని ఖరాబు చేసేటోడు గూడ ఉంటడు. "జీజీ" ఎన్కకు "ఈజీ" తోక తగిలిచ్చిన్రు. "ఆట మంచిగైంది, కాని నిన్ను ఓడగొట్టుడు మస్తు అల్కగ అయింది" అని. ముందు దండం పెట్టి ఎన్క తన్నినట్టు. ఓవర్‌వాచ్ అనే ఆటల గిది ఎంత ఎక్కువైందంటె, 2016ల ఆ కంపెనీ ఒక ఉపాయం చేసింది. ఎవడన్న "జీజీ ఈజీ" అని కొడితె అది పోకుండ, దాని జాగల వాన్నే నవ్వులపాలు చేసే చిన్నపిల్లల మాటలు తెర మీద పడేటట్టు పెట్టింది. తిట్టబోయినోడే జోకరయ్యిండు.

అదే 2016ల ఫిన్లాండ్ కంపెనీ సూపర్‌సెల్ క్లాష్ రాయల్ తెచ్చింది. తిట్లు రాకుండ ఉండాలంటె టైపు చేసుడే లేకుండ చేస్తె సరిపాయె అనుకొని, "వెల్ ప్లేయ్డ్", "గుడ్ గేమ్", "థ్యాంక్స్", "వావ్" అనే తయారు మాటలు, నవ్వే ఏడ్చే మొఖాలు పెట్టిన్రు. ఏమైంది? ఎదుటోడు ఒక తప్పు చేయంగనే "థ్యాంక్స్" అని కొట్టుడు షురూ చేసిన్రు. ఓడిపోతుంటె "వెల్ ప్లేయ్డ్" అని పదిసార్లు కొట్టిన్రు. ఆఖరికి ఆటగాళ్ల లొల్లి పడలేక అదే ఏడు మ్యూట్ బటన్ పెట్టవలసి వచ్చింది. మాట మంచిదైనంత మాత్రాన మర్యాద అయిపోదు అని గీ కత చెప్తది. టైము తప్పితె "థ్యాంక్స్" గూడ తిట్టే.

ఇగ మన ఫ్రీ ఫైర్ కాడికి వస్తె, ఈడ రాత కంటె ఎమోట్లు ఎక్కువ. చచ్చినోని లూట్ బాక్సు మీద ఎక్కి డ్యాన్సు చేసుడు, "లోల్" ఎమోట్ కొట్టుడు. దోస్తులల్ల దోస్తులు చేసుకుంటె నవ్వుకుంటరు. తెలియనోని మీద చేస్తె, అదీ వాడు స్పెక్టేట్ల కూసొని చూస్తుంటె, వాని కడుపు మండుతది.

మీలో ఒకరు అడుగుతరు, నాకు తెలుసు: "అన్నా, ఆటన్నంక ఎక్కిరిచ్చుకునుడే మజా కద? కబడ్డీల తొడగొట్టరా?" గొడతరు. నాకు గూడ గది ఇష్టమే. కాని కబడ్డీని మంచిగ చూడుర్రి. బరిలకు దిగేటోడు ముందు నేల ముట్టి కండ్లకద్దుకుంటడు. తొడ గొట్టేది ఆట నడుమ. విజిలు ఊదినంక రెండు టీములు వరుసకట్టి చేతులు కలుపుతరు. విజిలు ఊదినంక గూడ తొడగొట్టుకుంట తిరిగితె ఊరోళ్లే ఊకోరు. ఆటల పొగరు ఆట నడుమ ఉంటది, మర్యాద ఆట చివర ఉంటది. రెండు ఉండొచ్చు, జాగలు మారొద్దు.

ఇది మనకు కొత్తది కాదు

జీజీ ఇంగ్లీషు మాటనే. పద్ధతి మాత్రం మనకు తాతల నాటిది. ఇంట్ల నుంచి బయటికి పోయేటప్పుడు "పోతున్న" అంటె మా నాయినమ్మ కొట్టినంత పని చేస్తుండె. "పోతున్న అనొద్దు బిడ్డా, పోయొస్త అను" అంటుండె. పోయేటోడు మల్ల వస్త అని చెప్పిపోవాలె, తలుపు పూర్తిగ మూసి పోవద్దు. ఆట మధ్యల, ఆట చివర ఏ మాట లేకుండ ఎగిరిపోయేటోడు "పోతున్న" అన్నట్టే. "జీజీ, మల్ల ఆడుదాం" అన్నోడు "పోయొస్త" అన్నట్టు.

దసరా నాడు జమ్మి కాడికి పోయి వచ్చి ఏం చేస్తరు? జమ్మి ఆకు బంగారమని చేతుల పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటరు. చిన్నోళ్లు పెద్దోళ్ల కాళ్లు మొక్కుతరు. ఏడాదంత గట్టు కాడ, నీళ్ల కాడ లొల్లి పెట్టుకున్న పాలోళ్లు గూడ గా పొద్దు మాట కలుపుతరు. జమ్మి ఆకు పెడితె భూమి తగాద తెగిపోదు. కాని ఇద్దరు మల్ల ఒకరి మొఖం ఒకరు చూసుకునే తొవ్వ ఉంటది. జీజీ చేసే పని గూడ గంతే. నీ ర్యాంకు తిరిగిరాదు, పోయిన పాయింట్లు రావు. రేపు మల్ల ఆడే తొవ్వ మిగులుతది.

మన దిక్కు ఎందుకు ఎక్కువ అవసరం?

పెద్ద పట్నంల ఆడేటోనికి ఎదుటోడు నిజంగనే ఎవడో తెల్వదు. మా దిక్కు గట్ల కాదు. కోదాడ దాటి రామాపురం క్రాస్ రోడ్డు అవతలికి పోతె జగ్గయ్యపేట. మిర్యాలగూడ నుంచి వాడపల్లి కాడ కృష్ణ దాటితె పల్నాడు. వాయిస్ ఆన్ చేయంగనే యాస వినవడతది. "ఏందిరా గా భాష" అని అటోడు, "ఏంటండీ అంట" అని ఇటోడు. ఆటల మొదలైన ముచ్చట రెండు నిమిషాలల్ల రాష్ట్రాల పంచాది అయితది. మిర్యాలగూడ మిల్లులల్ల పనిచేసే బీహారు పిలగాండ్లు గూడ రాత్రిపూట గవే ఆటలు ఆడతరు. పొద్దుగాల లారీల బస్తాలెత్తే పిలగాన్నే రాత్రి తెల్వక తిడుతున్నవేమో, ఎవనికెర్క?

మా దిక్కు జరిగింది ఒకటి చెప్త, పేర్లు వద్దు. రెండూర్ల పిలగాండ్లు క్లాష్ స్క్వాడ్ కస్టమ్ రూమ్ పెట్టుకున్నరు. నలుగురికి నలుగురు. ఒక ఊరోళ్లు వరుసగ నాలుగు రౌండ్లు కొట్టి గెలిచిన్రు. ఆట గాడికి మంచిగనే ఉన్నది. గెలిచినోళ్లల్ల ఒకడు స్కోరు స్క్రీన్‌షాట్ తీసి, "పోయి బర్లు కాసుకోర్రి" అని రాసి వాట్సాప్ స్టేటస్ పెట్టిండు. తెల్లారి కాలేజీ బస్సుల మాట మాట పెరిగింది, అంగీలు చినిగినయి, ఒక పిలగానికి పెదవి పగిలింది. సాయంత్రానికి రెండూర్ల పెద్దమనుషులు కూసున్నరు. ఆడ నేను గూడ ఉన్న. దెబ్బ తిన్న పిలగాన్ని "ఆటల ఓడినందుకు గింత లొల్లా?" అని అడిగితె వాడు ఏమన్నడంటె, "ఓడినందుకు కాదు కాకా, ఓడుడు గెలుసుడు ఉండేదే. మా నాయిన బర్లే కాస్తడు. గది తెలిసే పెట్టిండు."

పంచాదిల ఎవ్వరు మాట్లాడలే. గా నాలుగు రౌండ్లు ఎవనికి యాదికి లేవు. చివరి మాటనే మిగిలింది. గా స్టేటస్ జాగల "మంచిగాడిన్రు అన్నా, మల్ల ఆదివారం పెట్టుకుందాం" అని గ్రూపుల ఒక్క ముక్క కొడితె పంచాదే ఉండకపోతుండె. రెండూర్ల పిలగాండ్లు తర్వాత కలిసి ఆడలే. దాంట్ల మంచిగాడే ఎనమండుగురు ఒకరికొకరు లేకుండ పోయిన్రు. గదే అసలు నష్టం.

ఇంకో నష్టం మనకు కనవడది గూడ కనవడది. ఆడపిల్లలు చానమంది ఆడతరు, మీకు తెల్వదు. ఎందుకంటె మగపేరు పెట్టుకుంటరు, మైకు ఆఫ్ పెట్టుకుంటరు. మా గల్లీల డిగ్రీ చదివే చెల్లె ఒకామె స్నైపర్‌తోని ఆడితె మనం సాలం. ఆట అయిపోంగనే ఆమె ఏం అనకుండ లాబీకి పోతది. పొగరని అనుకోవద్దు. ఒక్కసారి "జీజీ" అని గొంతు వినిపిస్తె, ఎన్కనుంచి ఫ్రెండ్ రిక్వెస్టులు, "నంబర్ ఇయ్యి", "ఇన్‌స్టా ఐడి చెప్పు" అని మొదలైతయి. ఆమెకు జీజీ కొట్టే హక్కు మనమే గుంజుకున్నం. మంచిగాడిన ఆమెకు "మంచిగాడినవ్ అక్కా" అని ఆగుడే మర్యాద. దాని ఎన్క ఇంకో ప్రశ్న రావద్దు.

సిగ్నలు పోయినోనికి శిక్ష ఎయ్యొద్దు

మర్యాద ముచ్చట వచ్చినప్పుడు మన ఊర్ల కష్టం గూడ చెప్పుకోవాలె. ఆట మధ్యల మాయమైనోడల్లా ఓర్వలేక పోయినోడు కాదు. గాలిదుమారమొస్తె కరెంటు పోతది. మబ్బు పడితె సిగ్నలు పోతది. నాయిన పిలిస్తె బాయి కాడ మోటరు ఆన్ చేయడానికి ఉరకాలె. ఆటకేమో ఇవి తెల్వవు. ఫ్రీ ఫైర్‌ల మధ్యల ఆట ఇడిసిపోతె ఆనర్ స్కోర్ తగ్గుతది. చెస్‌ల గడియారం నడుస్తనే ఉంటది, టైము అయిపోతె ఓడినట్టే.

అందుకని రెండు దిక్కుల రెండు పనులు. పోయినోడు నెట్టు రాంగనే "సిగ్నలు పోయింది అన్నా, ఏమనుకోకు" అని ఒక ముక్క కొట్టాలె. ఉన్నోడు వాన్ని "పిరికోడు, పారిపోయిండు" అని స్టేటస్ పెట్టొద్దు. ఓడిపోతున్నమని కావాల్నని నెట్టు బంజేసేటోళ్లు ఉంటరు, ఉండరని కాదు. కాని ఒక్కసారికి ఆ ముద్ర ఎయ్యొద్దు. చెస్‌ల ఓడిపోతున్నమని ఎత్తు వెయ్యకుండ గడియారం మొత్తం అయిపోయేదాక ఎదుటోన్ని కూసోబెట్టుడు మాత్రం సాఫ్ సీదా అమర్యాద. ఆడ రాజీనామా బటన్ ఉన్నది, నొక్కి జీజీ కొట్టి పోవాలె.

పైసల ఆటకు జీజీ అతకది

ఒక్క కాడ మాత్రం నేను జీజీ చెప్పమని చెప్ప. రమ్మీ లెక్కటి పైసల ఆటల కాడ. "ఆట మంచిగైంది" అనాల్నంటె ఇద్దరు లేచి నిమ్మలంగ ఇంటికి పోయే ఆట కావాలె. ఒకని బియ్యం పైసలు ఇంకొకని జేబుల పడ్డ కాడ ఆ మాటకు అర్థమే లేదు. మన తెలంగాణ 2017లనే ఆన్‌లైన్ రమ్మీని బంద్ పెట్టింది. 2025 ఆగస్టుల పార్లమెంటు పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంత బంద్ చేసే చట్టం తెచ్చింది. ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్‌ను ఏరుగ పెట్టి, అది ఆట అని ఒప్పుకున్నది. అంటె మనం ఆడేది ఆటనే అని చూపెట్టే బాధ్యత గూడ మన మీదనే ఉన్నది. "పోరలు ఫోన్లల్ల ఖరాబైతున్నరు" అనేటోళ్లకు మన వాయిస్ చాట్‌ల తిట్లు వినవడితె, మనకు చెప్పుకోనీకె మాట ఉండది.

మరి ఏమనాలె?

ఇంగ్లీషులనే అనాలని ఎవ్వరు చెప్పలే. మన పిలుపులే మనకు చాలు. మనకంటె చిన్నోడైతె "మంచిగాడినవ్ తమ్మీ". పెద్దోడనిపిస్తె, లేకుంటె తెల్వకుంటె "మంచిగాడినవ్ అన్నా". తెల్వని కాడ అన్నా అంటె ఎప్పుడూ తప్పు పోదు. బీహారోడైతె "అచ్ఛా ఖేలా భయ్యా". కృష్ణ అవతలోడైతె "బాగా ఆడారు బ్రో" అనుర్రి, మీ యాసేం పోదు. ఓడినప్పుడు, "ఈసారి నీది, మల్లసారి చూద్దాం" అంటె రోషం గూడ ఉంటది, మర్యాద గూడ ఉంటది.

మన స్క్వాడ్‌ల ఎవడన్న తప్పు చేసి ఓడగొడితె, వానికి జీజీ ముందు చెప్పుర్రి. ఎదుటోళ్ల కంటె మనోళ్లనే మనం ఎక్కువ తిడతం. కొత్తగ నేర్చుకునే పిలగాన్ని "నూబ్" అని పది మందిల అంటె వాడు ఆట మానేస్తడు. "పర్వాలే, గా ఇంటెన్క ఆగాల్సి ఉండె" అని ఒక్కటి నేర్పితె రేపు వాడే మనల్ని రివైవ్ చేస్తడు.

ఇగ ఎప్పుడు అనొద్దో గూడ చెప్త. హ్యాక్ పెట్టి ఆడినోనికి జీజీ అక్కర్లేదు. రిపోర్ట్ కొట్టి పోవాలె. తల్లిని చెల్లెను తిట్టినోనికి మర్యాద బాకీ లేము. మ్యూట్, రిపోర్ట్, అంతే. తిట్టుకు తిట్టు తిరిగిస్తె రిపోర్టుల ఇద్దరి పేర్లు పోతయి. ఎదుటోడు ఒక్క తప్పుతోని అప్పుడే ఓడి ఏడుపు మొఖం మీదున్నడనిపిస్తె, ఒక్కసారి అని ఊకోవాలె, పొగడుకుంట కూసోవద్దు. అతి పొగడ్త గూడ కుచ్చుకుంటది.

స్టేటస్ పెట్టుడు తప్పని నేను అంటలేను. గెలిచినంక సంబురం ఉంటది, పెట్టుకోర్రి. "మేం గెలిచినం" అని పెట్టుకుంటె అది మీ ముచ్చట. "వాళ్లు ఇట్లాంటోళ్లు" అని పెడితె అది వాళ్ల ఇంటి ముచ్చట. గీ గీత ఒక్కటి యాదుంటె మిగిలిన నియమాలు మర్శిపోయినా నడుస్తది.

గేమింగుల మన పిలగాండ్లకు తెలివికి తక్కువ లేదు. హనుమకొండ పిలగాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరుల చెస్‌ల 2800 రేటింగు దాటిండు. 2025ల రియాద్‌ల ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌ల చెస్ పెడితె సెమీస్ దాక పోయిండు. రేపు సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి గూడ ఒకరు పోతరు. ఎక్కడికి పోయినా ఆడతానికి ఎదుట ఒకడు కావాలె. గా ఎదుటోడు రేపు గూడ మనతోని కూసోవాల్నంటె, ఈ రాత్రి వాన్ని ఎట్ల సాగదోలినమనేదే చూస్తడు.

ఇగ నా ముచ్చట గీడికి ఆపుత. పోయొస్త.